యోనా లేని పాట

మొన్న రేపల్లె నుంచి తెనాలి వస్తున్న ప్యాసింజర్‌లో, ఎదురు సీట్లో కూర్చున్నావిడ ఫోన్‌లోంచి ఆ పాట వినిపించింది. వెనక డప్పుల మోత, మధ్యలో ఈలలు. చిన్న ముక్క అయిపోవడం, మళ్ళీ మొదటికి రావడం. నేను తలెత్తి ఆ ఫోన్ వైపే చూశాను. నా ముఖం చూసి ఆవిడ నవ్వింది.

“బావుంది కదండీ? పాతకాలం జానపదం.”

“కాదండి. ఎస్తేరమ్మ టీచర్ రాశారు.”

“ఎవరండీ ఆవిడ?” అంది. నేను చెప్పేలోపే వేలితో పైకి తోసి ఇంకో పాట పెట్టుకుంది. ఆవిడకు నేను చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

ఎస్తేరమ్మ గారు రేపల్లెలో మా బడిలో తెలుగు చెప్పేవారు. సన్నగా, పొడవుగా ఉండేవారు. నేను ఏడో తరగతిలో వాన మీద నాలుగు లైన్లు రాస్తే గోడపత్రికకు తీసుకున్నారు. అందులో ‘మా గొడుక్కి జలుబు చేసింది’ అని ఉంది. గొడుక్కి జలుబేంటి, చిరిగిందని మార్చమన్నారట హెడ్మాస్టర్ గారు. టీచర్ ఆ కాగితం పట్టుకుని తరగతిలోకి వచ్చి, నా బెంచీ దగ్గర వంగి, “సార్ ఈ మాట మారుద్దామంటున్నారమ్మా. నీకు ఇష్టమైతేనే,” అన్నారు. అప్పటిదాకా ఇంట్లో గానీ బయట గానీ నా ఇష్టం ఎవరూ అడగలేదు. వద్దండి అన్నాను, ఏడుపు గొంతుతో. గొడుగుకు జలుబు అలాగే ఉంది, కింద నా పేరూ ఉంది. నేను ఇవాళ తెనాలిలో తెలుగు టీచర్‌గా ఉన్నానంటే అది ఆ బెంచీ దగ్గర మొదలైందే.

ఆవిడ తమ్ముడి పేరు యోనా. వాడరేవులో బోటు మీద పనికి వెళ్ళేవాడు. ఒక తుఫానులో బోటు బోల్తాపడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ వచ్చారు, యోనా రాలేదు. శవం కూడా దొరకలేదు. బైబిలులో యోనా ప్రవక్తను పెద్ద చేప మింగి, మళ్ళీ ఒడ్డున కక్కేస్తుంది. ఆ కథను పట్టుకుని టీచర్ పాట కట్టారు. “ఆ యోనాను ఒడ్డున దించావే సంద్రమా, మా యోనా ఏడే?” అని మొదలవుతుంది. ఏటా అతను పోయిన రోజుకు దగ్గరగా వచ్చే ఆదివారం, గుడిలో, అంటే వాళ్ళ చర్చిలో, ఒక్కరే నిలబడి పాడేవారు. ఫ్యాన్లు ఆపేసేవారు. అదొక్కటే ఆవిడకు తమ్ముడి సమాధి.

ఒక ఏడాది గుడిలో ఎవరో ఫోన్‌లో తీసి, మంచి పాట నలుగురూ వింటారని వాట్సాప్‌లో పెట్టారు. కొన్నాళ్ళకు అది డప్పులతో యూట్యూబ్‌లో తేలింది. పాటలో యోనా మైనా అయ్యాడు. తమ్ముడి కోసం ఏడ్చిన పాట, వదిలేసి వెళ్ళిన పిల్ల కోసం తాగినవాడు పాడే పాటయింది.

టీచర్‌ను తీసుకుని తెనాలిలో ఆ డప్పుల పాట రికార్డు చేసిన స్టూడియోకు వెళ్ళాను. పాడినతను మర్యాదగానే కుర్చీలు వేశాడు.

“జానపదం అనుకున్నానండి అమ్మా. జానపదానికి రాసినోళ్ళు ఉంటారేంటండి?”

“నేను బతికే ఉన్నాను బాబూ,” అన్నారు టీచర్.

“యోనా అంటే జనానికి తెలీదండి. మైనా అయితే తొందరగా ఎక్కుద్ది. పోనీ, రచన అని మీ పేరు వేస్తానండి.”

“ఈ మాటల కింద నా పేరొద్దు. పాటలోంచి మా తమ్ముణ్ణి తీసేశారు. వాణ్ణి మళ్ళీ పెట్టి, అప్పుడు వెయ్యండి.”

అతను కాసేపు తల వంచుకుని, మా ముందే యూట్యూబ్‌లోంచి ఆ వీడియో తీసేశాడు. బస్సులో టీచర్ ముఖం తేటపడింది. ఇల్లు చేరి చూస్తే అదే పాట వేరేవాళ్ళ పేర్లతో ఇంకా చాలాచోట్ల ఉంది.

బాపట్లలో ఆవిడ పాత శిష్యుడొకరు వకీలు. “హక్కు మీదేనండి టీచర్. పాట అమ్ముకున్నా సరే, రాసినవాళ్ళ పేరు పోకూడదు, పరువు పోయేలా మాటలు చెడగొట్టకూడదు. చట్టంలో ఉంది,” అన్నాడు. ఫోన్ స్క్రీన్ కిందికి జరుపుతూ పోయాడు. పాటలు వస్తూనే ఉన్నాయి. “కానీ వీళ్ళలో ఎవరి మీద కేసు వేద్దామండి?” మేము యూట్యూబ్‌కు ఫిర్యాదులు పెడుతూ పోయాం. ఒకటి పోతే రెండు వచ్చేవి. చివరికి కంప్యూటర్ తయారుచేసిన గొంతుతో వచ్చింది. ఆ గొంతు ఎక్కడా ఊపిరి పీల్చుకోవడానికి ఆగదు. తెనాలిలో కనీసం తల వంచుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇక్కడ అదీ లేదు.

ఆ ఏడాది కూడా పాట పాడే ఆదివారం వచ్చింది. నేను రేపల్లె వెళ్ళాను. టీచర్ లేచి పాట ఎత్తుకున్నారు. ముందు వరసలో చిన్నపిల్లలు సంబరంగా గొంతు కలిపారు. ఆవిడ యోనా అన్నచోట వాళ్ళంతా మైనా అన్నారు. టీచర్ ఆగిపోయారు. రెండు జడల పిల్ల ఒకత్తి, పెద్దావిడ మర్చిపోయిందనుకుని, సాయం చేస్తున్నట్టు మెల్లగా అంది:

“అమ్మమ్మగారూ, యోనా కాదండి. మైనా.”

ఎవరో ఆ పిల్లను గదమాయించబోతే టీచర్ చెయ్యి అడ్డం పెట్టారు. “తిట్టకండి. దానికి అలాగే వచ్చింది,” అని కూర్చున్నారు. పాట అక్కడితో ఆగిపోయింది. ఇంటికి నడుస్తూ నా మోచెయ్యి పట్టుకుని, “సముద్రం వాణ్ణి తీసుకుపోయినప్పుడు పేరన్నా నాకు వదిలింది కదే అమ్మాయ్,” అన్నారు. ఆ తర్వాత ఆవిడ గుడిలో గానీ ఇంట్లో గానీ పాడగా వినలేదు. మరుసటి వానాకాలంలో పోయారు.

నేను మా తరగతిలో ఆ పాట ఆవిడ పేరుతోనే చెబుతున్నాను. పిల్లలు వింటారు, రాసుకుంటారు. బయటికి వెళ్ళగానే డప్పులతో పాడుకుంటారు. వాళ్ళను అని ఏం లాభం? నిన్న వంటింట్లో గిన్నెలు కడుగుతూ నాకు తెలియకుండానే పాట అందుకున్నాను. నా నోటికి కూడా ముందు మైనా అనే వచ్చింది. కొళాయి కట్టేసి, మళ్ళీ మొదటినుంచి పాడుకున్నాను, యోనా అని. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక తడబడింది.