డెమో మర్నాడు

2022 జూలై, రెండో ఆదివారం, సాయంత్రం. స్థలం: అమీర్‌పేటలో నేను పనిచేసిన కంప్యూటర్ శిక్షణ సంస్థ, కింది అంతస్తులోని రిసెప్షన్. హాజరైనవారు: డైరెక్టర్ యాదగిరి, డేటాబేస్ ట్రైనర్ వసుంధర గారు, అడ్మిషన్ల కౌన్సెలర్ సునీత, బ్యాచ్ కోఆర్డినేటర్‌గా నేను.

సమావేశాలన్నీ రెండో అంతస్తులో, డైరెక్టర్ గదిలో జరిగేవి. ఆ రోజు వసుంధర గారు మెట్లు ఎక్కే స్థితిలో లేరు. అందుకని యాదగిరే కిందికి దిగి వచ్చి, అడ్మిషన్లకు వచ్చేవాళ్ళు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.

నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. ఏ ట్రైనర్‌కు ఏ హాలు, ఏ వేళ, ఏ కోర్సు ఎప్పుడు మొదలు అన్నది తేల్చేవాడు బ్యాచ్ కోఆర్డినేటర్. హోదాలో ట్రైనర్ కంటే పైన కాదు, కింద కాదు. డైరెక్టర్ అడిగేదానికీ ట్రైనర్ చేయగలిగేదానికీ మధ్య నిలబడటమే ఆ పని.

అమీర్‌పేటలో ఏ కోర్సైనా డెమోతో మొదలవుతుంది. మొదటి రోజు క్లాసు ఉచితం. పేరు కూడా చెప్పకుండా వచ్చి కూర్చోవచ్చు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి కుర్రవాళ్ళు గుంపులుగా వచ్చి, ఒకే ఉదయం రెండు మూడు సంస్థల్లో కూర్చుని, తర్వాత టీ బండి దగ్గర ట్రైనర్లను పోల్చి చూసుకుంటారు. కాబట్టి డెమో రోజు హాలు నిండిందని మా వృత్తిలో ఎవరూ సంబరపడరు. మర్నాడు తిరిగి వచ్చినవాళ్ళే బ్యాచ్. నేను తలలు లెక్కపెట్టేది రెండో రోజు ఉదయమే.

వసుంధర గారిది గుంటూరు వైపు నుంచి వచ్చి పంజాగుట్టలో స్థిరపడిన కుటుంబం. ఉదయం ఏడున్నర బ్యాచ్ ఏళ్ళ తరబడి ఆమెది. మా వీధిలో ఉద్యోగాలకు పోయేవాళ్ళు, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళు ఇద్దరూ రాగలిగే వేళ అదొక్కటే కనుక ఆ వేళకు గిరాకీ ఎక్కువ. రెండు గంటలు చేతిలో కాగితం లేకుండా, కుర్చీ ముట్టకుండా చెప్పేవారు. పాఠం మధ్యలో చివరి వరుస దాకా వెళ్ళి, ఎవడో తప్పు రాస్తుంటే పెన్ను లాక్కుని దిద్దేవారు.

ఆ ఏడాది జనవరిలో ఇంట్లో అందరితో పాటు ఆమెకూ జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. మిగతావాళ్ళు లేచి తిరిగారు, ఆమె మాత్రం తేరుకోలేదు. స్నానం చేసి జుట్టు దువ్వుకుంటే మధ్యలోనే చేతులు దించేయాల్సి వచ్చేది. వెలుతురు చూస్తే తలనొప్పి. అలవాటైన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. రక్తపరీక్షలు, గుండె పరీక్ష, ఊపిరితిత్తుల స్కాన్ అన్నీ బాగున్నాయి. బంధువులు మాత్రం పొద్దున్నే నడవమని ఒకరు, బాదంపప్పు తినమని ఒకరు, అంతా మనసులోనే ఉందని ఒకరు చెప్పారట.

ఏప్రిల్‌లో ఆమె తిరిగి వచ్చారు. మొదటి రోజు క్లాసు చూసి పాత వసుంధర గారే వచ్చేశారనుకున్నాం. రెండు గంటలూ నిలబడే చెప్పారు, నవ్వించారు, చివరి వరుసకూ వెళ్ళారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దిండు మీంచి తల ఎత్తలేకపోతోందని వాళ్ళాయన ఫోన్‌లో చెప్పారు. ఆమె కోలుకునేలోగా బ్యాచ్ చెదిరిపోయింది.

తర్వాత పంజాగుట్టలో ఒక డాక్టరు ఆమెకు విషయం విడమరిచి చెప్పారు. వైరస్ జ్వరం పోయాక కొందరిలో ఈ నీరసం నెలల తరబడి మిగిలిపోతుంది. మామూలు పరీక్షల్లో దొరకదు. ఓపికకు మించి పనిచేస్తే దాని దెబ్బ అప్పటికప్పుడు తగలదు, మర్నాడో ఆ తర్వాతి రోజో తగులుతుంది. అందుచేత అలసట వచ్చాక ఆగితే లాభం లేదు, బాగున్నట్టు అనిపిస్తుండగానే ఆగాలి. ప్రస్తుతానికి చేయగలిగింది అదేనన్నారట ఆ డాక్టరు.

ఆదివారం సమావేశంలో ఆమె తన పథకం చెప్పారు. హాలు కింది అంతస్తులో కావాలి. బోర్డు మీద చెయ్యెత్తి రాయలేరు కనుక, కాగితం మీద రాసింది గోడ మీద కనబడేలా చేసే పరికరం కావాలి. కూర్చునే చెబుతారు. అరగంట పాఠం, తర్వాత విద్యార్థులకు ఒక లెక్క. వాళ్ళు చేసుకుంటున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకుని వెనక్కి వాలి ఉంటారు. తర్వాత కొద్దిసేపు జవాబులు. అంతటితో క్లాసు ముగుస్తుంది.

యాదగిరి చెడ్డ మనిషి కాదు. కరోనాతో రెండేళ్ళు మూతపడ్డ హాళ్ళకు అద్దె కట్టి అప్పుడప్పుడే తేరుకుంటున్నారు.

"మేడమ్, మీరంటే నాకు మస్తు ఇజ్జత్," అన్నారు. "గాని క్లాసు నడుమ ట్రైనర్ కండ్లు మూసుకుంటే పోరగాండ్లు ఎదురు బిల్డింగుల పోయి కూసుంటరు. జర ఇంట్ల నుంచి ఆన్‌లైన్ చెప్పరాదు?"

"స్క్రీన్ చూస్తే పది నిమిషాల్లో తల పగిలిపోతుందండీ," అన్నారామె. "అయినా వాళ్ళు లెక్క చేసుకుంటుంటే నేను మధ్యలో తిరిగితే ఏంటి, తిరక్కపోతే ఏంటి?"

సునీత బోరబండ అమ్మాయి, మనసులో ఏదీ దాచుకోదు. "నిజం చెప్పాల్నంటే సార్, మేడం తిరుగుతుంటేనే వాళ్ళకు చెమటలు పడ్తయి. ఈమె కూసుంటే గా చివరి లైనోళ్ళు మిఠాయిలు పంచుతరు."

అందరం నవ్వాం. వసుంధర గారు కూడా నవ్వి, వెంటనే కణతలు నొక్కుకున్నారు. యాదగిరి అది చూశారు.

చివరికి ఆయన పెట్టిన షరతు ఇది. సోమవారం డెమో ఆమెదే. మంగళవారం ఆమె రావాలి, బ్యాచ్ నిలవాలి. రెండింట్లో ఏది తప్పినా ఏడున్నర వేళ కొత్తగా చేరిన ట్రైనర్‌కు పోతుంది. "ఏప్రిల్ లెక్క మళ్ళొకసారి అయితే నేను తట్టుకోలేను మేడమ్," అన్నారు. ఆమె ఒప్పుకున్నారు. ఆ వేళ పోతే ఆమెకు మిగిలేవి సాయంత్రం బ్యాచ్‌లు. సాయంత్రానికి ఆమెలో మాట్లాడే ఓపిక మిగలదని నలుగురికీ తెలుసు.

సోమవారం హాలు నిండింది. గుమ్మం దగ్గర సునీత ఒక కుర్రవాణ్ణి ఆపింది. "అన్నా, మొన్న గా ఎదురు బిల్డింగ్ డెమోల సుత నువ్వే ఉన్నవ్ గదా? ఇంకెన్ని చూస్తవ్?"

"పెళ్ళిచూపులు అక్కా," అన్నాడతను. "నచ్చాలి గదా." కరీంనగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాడు, పేరు శ్రావణ్.

వసుంధర గారు కూర్చునే మొదలుపెట్టారు. దాపరికం పెట్టుకోలేదు. "జనవరిలో జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, ఓపిక తిరిగి రాలేదు. అందుకని కూర్చుని చెబుతాను, మధ్యలో కళ్ళు మూసుకుంటాను. నిద్రపోయాననుకుని మాట్లాడుకోకండి, చెవులు బాగానే ఉన్నాయి." వెనక వరుసల నుంచి నవ్వులు వచ్చాయి.

పాఠం మొదలయ్యాక నేను ఏప్రిల్ సంగతి మరిచిపోయాను. రెండు పట్టికలు తీసుకున్నారు. ఒకదాంట్లో విద్యార్థుల పేర్లు, రెండోదాంట్లో వాళ్ళ హాజరు. ఆ రెండింటినీ కలిపి ఒక జవాబు రాబట్టడం ఎలాగో చూపించారు. మాటలు చకచకా వచ్చాయి. ముఖంలో రంగు వచ్చింది. లెక్క ఇచ్చి కళ్ళు మూసుకున్నప్పుడు హాల్లో గుసగుస కూడా లేదు. తర్వాత జవాబులు మొదలయ్యాయి. గడియారం ఆమె పెట్టుకున్న హద్దుకు దగ్గరపడుతుండగా శ్రావణ్ లేచాడు.

"మేడమ్, పేర్ల పట్టికల ఉండి, హాజరు పట్టికల ఒక్కసారి సుత లేనోడు ఉంటడు గదా. రెండు కలిపితే వాడేమైతడు?"

మా వృత్తిలో ఇలాంటి ప్రశ్న కోసం ట్రైనర్లు ఎదురుచూస్తారు. డెమోలో దానికి జవాబు చెబితే హాలు మొత్తం చేతికి వస్తుంది. వసుంధర గారి ముఖం వెలిగింది. పెన్ను కాగితం మీదికి వచ్చింది. వెనక నిలబడ్డ యాదగిరి నాకు మాత్రమే వినబడేలా "చెప్పు మేడమ్, ఇంకో పది నిమిషాలు చెప్పు" అంటున్నారు. ఆయన చెయ్యి గాలిలో ఆడటం ఆమె చూశారు కూడా.

ఆమె పెన్ను మూత పెట్టేశారు.

"మంచి ప్రశ్న. వాడు జవాబులోంచి రాలిపోతాడు. రాలిపోకుండా వాణ్ణి కూడా ఉంచే పద్ధతి ఉంది. అది రేపు చెబుతాను."

"ఇప్పుడే చెప్పుండ్రి మేడమ్," అని నలుగురైదుగురు అడిగారు.

"ఇప్పుడు చెప్పగలను బాబూ. చెబితే రేపు రాలేను. నాకు రేపు రావాలనుంది," అని లేచారు.

నేను చాలామంది మంచి ట్రైనర్లను చూశాను. గొంతు పోయినా ఆపనివాళ్ళను, కరెంటు పోతే సెల్‌ఫోన్ వెలుతురులో చెప్పినవాళ్ళను చూసి మెచ్చుకున్నాను. హాలు చేతిలో ఉండగా, ఒంట్లో బాగున్నట్టు అనిపిస్తుండగా, ఉద్యోగం ఆ పది నిమిషాల మీదే ఉందని పై అధికారి చెయ్యి ఊపుతుండగా ఆపినవారిని అంతకుముందు చూడలేదు. పాఠం చెప్పడం ఆమెకు తెలిసిన విద్యే. ఆపడం మాత్రం ఆ ఆరు నెలల్లో కష్టపడి నేర్చుకున్నది.

యాదగిరి మాత్రం విసుగ్గా మెట్లెక్కి వెళ్ళిపోయారు. "పెండ్లి పందిట్ల నుంచి లేచిపోయినట్టున్నది అన్నా," అన్నారు వెళ్తూ.

వసుంధర గారు ఆటోలో ఇంటికి వెళ్ళారు. ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోనని, వంట కూడా వాళ్ళాయనదేనని ముందే చెప్పారు.

మంగళవారం తెల్లవారుజాము నుంచి సన్నగా వాన. ఏడింటికే నేను గుమ్మంలో నిలబడ్డాను. సునీత రిసెప్షన్ బల్ల తుడుస్తూ, "మేడం వస్తదంటరా సార్?" అని అడిగింది. తెలియదన్నాను. ఏప్రిల్‌లో కూడా డెమో మర్నాడు అదే గుమ్మంలో, అదే వేళకు ఎదురుచూశాను.

ముందు విద్యార్థులు వచ్చారు. మెట్రో స్తంభాల కిందుగా తడవకుండా ఒకరి వెనక ఒకరు. నిన్నటంత మంది లేరు, ఏ డెమో మర్నాడైనా ఉండరు. కానీ ఆమె ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో నిలిచేటంత మంది ఉన్నారు. శ్రావణ్ మొదటి వరుసలో కూర్చున్నాడు. యాదగిరి ఎప్పుడు దిగి వచ్చారో, నా పక్కన నిలబడి తలలు లెక్కపెడుతున్నారు.

ఏడుంపావు దాటాక ఆటో ఆగింది. వసుంధర గారు దిగారు. ముఖం కొంచెం వాడి ఉంది కానీ నడక తిన్నగా ఉంది. లోపలికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. సునీత ఫోన్ సౌండు తగ్గించింది. యాదగిరి తనంతట తానే వెళ్ళి హాల్లో కిటికీ వైపు లైట్లు ఆర్పి వచ్చారు.

"బ్యాచ్ అయింది అన్నా, రాస్కో," అన్నారు నాతో. తర్వాత ఆమె వైపు తిరిగి, "మేడమ్, రేపటి సంది ఆటో గేటు లోపలికి రానియ్యమని వాచ్‌మన్‌కు చెప్తా" అన్నారు.

మనిషి ఎంత పని చేయగలడో పని చేసిన రోజు చూసి తేల్చకూడదని ఆ బ్యాచ్‌తో నాకు తెలిసింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, జబ్బు నుంచి లేచి వచ్చిన ఏ ట్రైనర్‌కైనా వేళ కేటాయించే ముందు ఒక క్లాసు చెప్పించి, మర్నాడు మళ్ళీ మాట్లాడేవాణ్ణి.

ఏడున్నరకు వసుంధర గారు లేచి హాల్లోకి వెళ్ళి కూర్చున్నారు. పెన్ను మూత తీశారు.

"శ్రావణ్, నిన్న ఒకణ్ణి బయట వదిలేశాం," అన్నారు. "ముందు వాణ్ణి లోపలికి తెద్దాం."