తీగ ఎవరి కొట్టు దాకా?

ఈ రోజు పొద్దున సత్తెనపల్లి నుంచి ఇంటర్నెట్ కంపెనీ మనిషి ఒకాయన వచ్చి మా ఊరి రైతులందరినీ పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చోబెట్టాడు. ఊరికి బ్రాడ్‌బ్యాండ్ తీగ వేస్తారట, తవ్వకం ఖర్చుకు మేమే చందాలు వేసుకోవాలట. అదొస్తే గుంటూరు యార్డులో మిర్చి ధర ఇక్కడే చూసుకోవచ్చన్నాడు. అందరితోపాటు నేనూ తలూపాను.

మా పక్క చేను మస్తాన్ మాత్రం లేచి, "తీగ ఎందాకా వచ్చిద్దండీ?" అనడిగాడు.

"ప్రస్తుతానికి మిర్చి కొనే షావుకారు గారి కొట్టు దాకానండి."

"అంటే ధర ముందు ఆయనకి తెలిసిద్ది, చందా మాత్రం మేమియ్యాలా? ఈ ఆఫీసు దాకా వేయండి, ఇస్తాం."

పైవాళ్లను అడిగి చెబుతానని ఆయన బండెక్కాడు. అది సత్తెనపల్లి వైపు పోలేదు, నేరుగా వెళ్లి షావుకారు కొట్టు ముందు ఆగింది.

నా చందా ఇంకా జేబులోనే ఉంది. మీ ఊళ్లో తీగ ఎవరి గుమ్మం దాకా వచ్చిందో కాస్త చెప్పండి.