మూడో ఎపిసోడ్‌లో మా అవ్వ చావు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. పుస్తకంలో ఉన్న విద్య ఏదైనా శ్రద్ధగా చదివితే వచ్చేస్తుందని ఒకటి, నాకంటే శ్రద్ధగా చదివేవాడు మదనపల్లె మొత్తంలో లేడని రెండోది. పగలు సెల్‌ఫోన్ల దుకాణంలో పని, సాయంత్రం గ్రంథాలయం. సినిమా తీయడం గురించి అక్కడ ఒకే ఒక పుస్తకం ఉండేది. గడువు తీరిన ప్రతిసారీ దాన్ని తిరిగిచ్చి, ఆ నిమిషమే మళ్లీ నా పేరు మీద రాయించుకునేవాణ్ని (ఊళ్లో ఇంకెవడైనా దర్శకుడైపోతాడేమోనని భయం). అందులో నన్ను పట్టుకుని వదలనిది కంటిన్యుటీ అధ్యాయం. ఒక షాట్‌లో మనిషి ఎలా ఉన్నాడో తరువాతి షాట్‌లోనూ అలాగే ఉండాలి. అందుకోసమే ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఎవరి చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయి, గ్లాసులో కాఫీ ఎంతవరకు ఉంది, చెప్పులు ఏ రంగు, అన్నీ రాసేవాణ్ని.

వెబ్ సిరీస్ కథ నాదే. బోరుబావి దగ్గర మాటా మాటా పెరిగి, మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరు అన్నదమ్ములు. మొత్తం నాలుగు ఎపిసోడ్లు. చివరిదాంట్లో వాళ్లను కలపడానికి మూడు పేజీల ఉపన్యాసం ముందే రాసిపెట్టుకున్నాను. పుంగనూరులో మా మామ ఇంట్లో ఆదివారాలు షూటింగు. మామది అన్న వేషం, కెమెరాను స్టాండు మీద నిలబెట్టి నాది తమ్ముడి వేషం, మామ తల్లిది, అంటే మా అవ్వది, మంచం పట్టిన తల్లి వేషం. నిజానికి ఆ కథకు మూలం మా ఇంట్లోనే ఉంది. అవ్వకూ, కుప్పంలో ఉండే ఆమె చెల్లెలు మా చిన్నవ్వకూ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. మామ పెండ్లికి అవ్వ కుప్పం దాకా పోయి బొట్టు పెట్టి పిలవకుండా, పనుల ఒత్తిడిలో ఫోన్లో చెప్పింది. చిన్నవ్వ రాలేదు. "నేనేమన్నా ఫోన్లో పుట్నానా దానికి చెల్లెలుగా?" అన్నదట. ఆ మాట చేరవేయడానికి మాత్రం చాలామంది దొరికారు.

రెండు ఎపిసోడ్లు బాగానే అయ్యాయి. మూడోదాని కోసం పుంగనూరులో బస్సు దిగి ఇంటికి పోతే, మామ నున్నటి గుండుకు గంధం పూసుకుని, లడ్డు చేత్తో పట్టుకుని, నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏంది మామా ఇది?" అన్నాను. "కొండకు పోయొచ్చినాప్పా. నీ సినిమా బాగా రావల్లని మొక్కుకోనుంటి. సగం బాగా వచ్చింది గదా, దేవుణ్ణి కాచుకోబెట్టేది యాలని ముందే ఇచ్చేస్తి." "ఇంకా రెండు ఎపిసోడ్లు ఉండాయి గదా మామా! జుట్టు?" మామ నా చేతిలోని నోటుపుస్తకం కేసి చూశాడు. "గుండీలన్నీ రాసుకుంటివే, తలకాయ సంగతి రాసుకోలేదా?" రాసుకోలేదు (పేజీలు తిరగేసి చూశాను కూడా).

జుట్టు పెరిగేదాకా ఆగుదామంటే, కెమెరా ఇచ్చిన స్నేహితుడు నెలాఖరుకు ఉద్యోగానికి బెంగళూరు పోతున్నాడు, కెమెరాతో సహా. మా వైపు మనిషి గుండుతో కనబడితే రెండే అర్థాలు. కొండకైనా పోయి ఉండాలి, ఇంట్లో పెద్దలైనా పోయి ఉండాలి. తమ్ముడి మీద పంతంతో రగిలిపోతున్న నా కథానాయకుడు కొండకు పోడు. కాబట్టి తల్లి పోవాలి. ఆ సంగతి అవ్వతో చెప్పడానికి నాకు గంట పట్టింది. మామ అపశకునమని ఎగిరాడు. అవ్వ మాత్రం, "నీ జుట్టు ఊరికే పోకూడదు గదరా, నేను సస్తాలే" అంది. ఎలా పడుకోవాలో చెప్పబోతే, "ఎంతమందిని సూసినా నేను! సచ్చేది గూడా పుస్తకంలో సూసి నేర్పిస్తావా?" అని నా నోరు మూయించింది. నట్టింట చాప, తల దగ్గర దీపం, మెడలో చామంతి దండ. అవ్వ అద్భుతంగా చనిపోయింది. మధ్యలో ఒక కన్ను తెరిచి "అయిందా అప్పా? వీపు నొస్తాండాది" అనడం తప్ప ఏ లోపమూ లేదు.

మంచి పోస్టరు సగం చెప్పి సగం దాచాలని పుస్తకంలో ఉంది. నేను ఇంకో మెట్టు పైకి పోయి మొత్తం దాచేశాను. సిరీస్ పేరు లేదు, ఎపిసోడ్ అంకె లేదు. దీపం, దండ, అవ్వ. ఆ ఫొటో ఫోన్లో స్టేటస్‌గా పెట్టి, పెద్ద పని చేసినవాడిలా అక్కడే పడుకున్నాను.

మరునాడు పొద్దున అవ్వ వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. వీధి మొదట్లో శోకం వినిపించింది. "అక్కో, నన్నిడిసి పోతివే!" చూస్తే చిన్నవ్వ. రాత్రే ఎవరో నా స్టేటస్ చూపించారట. చావింటికి ఫోన్ చేసి నిజమా అని ఎవరడుగుతారు? కుప్పంలో మొదటి బస్సెక్కి, పలమనేరులో మారి వచ్చేసింది. వాకిట్లో అక్కను చూడగానే శోకం సగంలో ఆగిపోయింది.

అవ్వ తలెత్తి, "ఎవురే పోయింది?" అంది.

"నువ్వే!"

"నేనా? ఇప్పుడే కాఫీ గూడా తాగితినే."

చిన్నవ్వ చేతిలో దండ విసిరికొట్టింది. "పాపిష్టిదానా! దోవ పొడుగునా ఏడ్సుకుంటా వస్తినే!"

"సస్తే వస్తివి. బతికుంటే రాకూడదా?"

"సావుకు పిలవనక్కర్లా. పెండ్లికి పిలవల్ల. పిలిస్తివా నన్ను బొట్టు పెట్టి?"

అవ్వ చాట కింద పెట్టింది. లేచి లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. చెల్లెలి గడ్డం పట్టుకుని, తొమ్మిదేళ్ల బాకీకి తగ్గట్టు ఇంత బొట్టు పెట్టింది. "వచ్చే ఆదివారం నా సావు ఫోన్లో ఏస్తాండాడు వీడు. పిలుస్తాండా, తప్పకుండా రావల్ల."

"సూస్తాలే, తీరుబడి ఉంటే" అంటూ చిన్నవ్వ కూలబడి, చాట తన వైపు లాక్కుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది. మామ గుండు తడుముకుంటూ కాఫీ పెట్టించడానికి లోపలికి పోయాడు.

నాలుగో ఎపిసోడ్ నేను తీయలేదు. కెమెరా బెంగళూరు పోయిందని అందరికీ చెప్పాను. అసలు సంగతేమిటంటే, ఆ మూడు పేజీల ఉపన్యాసం మళ్లీ చదువుకుంటే సిగ్గేసింది. ఇప్పుడు నాకు సొంత కెమెరా ఉంది, చిన్న చిన్న సినిమాలు తీస్తున్నాను. మొన్న పెట్టె సర్దుతుంటే ఆ నోటుపుస్తకం బయటపడింది. ఆ పొద్దున నేను భయపడి తలుపు వెనక నక్కి, ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ రాసుకున్న పేజీ అందులో ఉంది. "చిన్నవ్వ: ఆకుపచ్చ చీర. కుడి చేతిలో బంతిపూల దండ. కాళ్లకు చెప్పులు లేవు."

కుప్పం నుంచి పుంగనూరు దాకా, రెండు బస్సుల్లో, ఒట్టి కాళ్లతో. ఆ రోజు నాకది తట్టనేలేదు. గ్రంథాలయంలో అన్నీ చదివేసిన ఆ దర్శకుడు, చెప్పులు లేవన్న మాట కింద గీత గీసి, ఎర్ర సిరాతో శ్రద్ధగా రాసుకున్నాడు: "తరువాతి షాట్‌లో సరిచూసుకోవాలి."