నంబరు రాళ్ళ దగ్గర భారతి ఆంటీ

వాన తగిలిన అట్టపెట్టె వాసన సోకితే నేను ఇప్పటికీ ఉన్నచోటే ఆగిపోతాను. నిన్న పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు ఎవరిదో పార్సిల్ తడిసి పడి ఉంది. దాన్ని లోపలికి జరిపి, మెట్ల మీద కూలబడ్డాను. భారతి ఆంటీ ప్రతి మంగళవారం చర్చి బేస్‌మెంట్‌లో విప్పే పెట్టెలు ఇదే వాసన వేసేవి. శనగలు, టమాటా డబ్బాలు, పిల్లల సీరియల్, ఒక్కోసారి దయతలచి బియ్యం. ఆకలిగొన్నవాళ్ళకు తిండి సరుకులు ఊరికే ఇచ్చే ఆ చోటును ఇక్కడ ఫుడ్ ప్యాంట్రీ అంటారు. నేను మాస్టర్స్ చేసే రోజుల్లో నెలలో చివరి పదిరోజులు దాని పుణ్యమాని బతికాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ తలెత్తకుండా పేరు అడిగింది. కాటన్ చీర మీద మగవాళ్ళ స్వెటర్, కాళ్ళకు స్నీకర్స్. మన తెలుగావిడే అని తెలియగానే నాకు ముచ్చెమటలు పోశాయి. "ప్రియ" అన్నాను. నా పేరు సుధ. ఆవిడ ఒక కార్డు మీద రాసి, పైకి చదివి, "ఇదేనా?" అని ఆగింది. ఆగడమంటే మామూలుగా కాదు, పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూస్తూ ఆగింది. నేను తలూపాను. "సరే, ప్రియ గారూ. ఏ ఊరమ్మా మీది?" అంటూ సంచీలో కందిపప్పు పొట్లం ఒకటి వేసింది. అది పెట్టెల్లో వచ్చింది కాదు, ఆవిడ ఇంటి నుంచి తెచ్చిందని తర్వాత తెలిసింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు ఆ రోజు నేను ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకుని వెళ్ళాను.

నెల తిరక్కుండానే సిగ్గుపడి అసలు పేరు చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఆకలి రుచి ఎరుగదంటారు గానీ, సిగ్గు మాత్రం బాగానే ఎరుగుతుందమ్మా" అని నవ్వి, కార్డు చింపి కొత్తది రాసింది. ఆపైన మంగళవారాలు నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చుని సాయం చేసేదాన్ని.

భారతి ఆంటీ పాతికేళ్ళు కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా, వెల్ఫేర్ ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైంది. ఆ ఆఫీసు భవనం ఒకప్పుడు బీదల ఇల్లు. దిక్కులేని ముసలివాళ్ళను, పిచ్చివాళ్ళను, పిల్లల తల్లులను అక్కడ చేర్చి, తిండికి బదులు పొలంలో పని చేయించేవారట. అంతకుముందు ఇంకా ఘోరం. ఎవరు తక్కువకు పోషిస్తామంటే వాళ్ళకు బీదవాళ్ళను వేలంలో అప్పగించేవారట. సాయం తీసుకునేవాళ్ళ భుజం మీద ఒక అక్షరం కుట్టేవారట, చూసిన ప్రతివాడికీ తెలియాలని. ఆఫీసు బేస్‌మెంట్‌లో ఆ ఇంటి రిజిస్టర్లు చెత్తలోకి పోబోతుంటే ఆంటీ అడ్డుపడి దాచిందట. రిటైరయ్యాక చేతిలో జెరాక్సులు పట్టుకుని, భవనం వెనక ఉన్న శ్మశానంలో తిరిగేది. అక్కడ సమాధుల మీద పేర్లు లేవు. ఇటుకంత రాళ్ళు, వాటి మీద నంబర్లు. రిజిస్టర్ చూసి ఏ నంబరు ఎవరిదో కనిపెట్టడం ఆవిడ పని.

ఒక ఆదివారం నన్నూ తీసుకెళ్ళింది. నేను రాళ్ళ మీద నాచు గీకుతుంటే ఆవిడ ఒక పేజీ చూపించింది. ఒకే పేరు, బొత్తిగా మామూలు పేరు, నలుగురికి.

"అందరూ ఒకడేనా ఆంటీ?"

"కాదే పిచ్చిదానా. అసలు పేరు చెప్తే ఊళ్ళో పరువు పోతుందని నోటికొచ్చింది చెప్పారు. తర్వాత పిల్లలు వెతుక్కుంటూ వచ్చారు. ఇదిగో, పక్కన రాసుంది చూడు, 'కూతురు వచ్చింది, దొరకలేదు' అని."

నేను అయ్యో అన్నాను. అని, ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను.

ఎందుకంటే ఆ వారమే మా స్టూడెంట్ల గ్రూపులో నేను మెసేజ్ పెట్టాను: 'ప్యాంట్రీకి వెళ్ళండి, కానీ రియల్ నేమ్ ఇవ్వొద్దు, ఫ్యూచర్‌లో గ్రీన్‌కార్డ్‌కి ప్రాబ్లమ్ అవుతుంది.' దానికీ వీసాకీ సంబంధం లేదని ఆంటీ నాకు పదిసార్లు చెప్పింది. అయినా మనవాళ్ళకు గవర్నమెంట్ కాగితం మాట కంటే గ్రూపులో ఫార్వర్డ్ మీదే నమ్మకం. నేను అసలు పేరు ఇచ్చాను కదా, మరి వాళ్ళకెందుకు వద్దన్నాను? అప్పుడు పెద్దక్కలా సలహాలివ్వడం నాకు ఇష్టంగా ఉండేది. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

మహేశ్ ఆ మెసేజ్ చూసే వచ్చాడు. మిర్యాలగూడ కుర్రాడు, నాకు ఒక సెమిస్టర్ జూనియర్. ఆంటీ లోపల పెట్టెలు సర్దుతుంటే నా బల్ల దగ్గర నిలబడి గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, నిజం పేరు చెప్తే ఏమైతది?"

"ఎందుకు రిస్క్? రవికుమార్ అని రాస్తున్నా. ఫోన్ నంబర్ కూడా ఏదో ఒకటి వేస్తా."

"నువ్వే మంచిగ రాయి అక్కా" అని నవ్వాడు.

జనవరిలో ఒక శుక్రవారం మహేశ్ రూమ్‌కి రాలేదు. ఒక గ్యాస్ స్టేషన్‌లో స్టూడెంట్ వీసా ఒప్పుకోని, లెక్కల్లో లేని పని చేసేవాడు. చెకింగ్‌కి ఎవరైనా వస్తే దొరక్కూడదని ఐడీ కార్డు రూమ్‌లోనే వదిలి వెళ్ళేవాడు. మా వాళ్ళందరూ చేసే పనే అది. రూమ్మేట్లు, నేను కలిసి చుట్టుపక్కల హాస్పిటళ్ళన్నిటికీ ఫోన్లు చేశాం. మహేశ్ అనే పేషెంట్ లేడన్నారు. ఒక హాస్పిటల్‌కి నేనే మూడుసార్లు చేశాను. లేడనే చెప్పారు, వాళ్ళ తప్పేమీ లేదు.

మంగళవారం ఆంటీ చర్చి ఫోన్‌లో మెసేజ్‌లు విని, నన్ను పక్కకు పిలిచింది. "సుధా, ఈ రవికుమార్ ఎవరు? జేబులో మన కార్డు దొరికిందట. శుక్రవారం కారు గుద్దింది. ఫోన్ ముక్కలైందట, కార్డు మీద నంబర్ కలవడం లేదట."

నేను మూడుసార్లు ఫోన్ చేసిన హాస్పిటలే అది. కారులో వెళ్తూ ఆ కార్డు రాసింది నేనేనని ఆంటీకి చెప్పాను. మేము చేరేసరికి అతను పోయి ఆరు గంటలైంది. నాలుగు రోజులు ఊపిరితో ఉన్నాడు. నర్సు చెప్పింది, రెండోరోజు కళ్ళు తెరిచాడని, రవీ రవీ అని పిలిస్తే పలకలేదని.

ఆంటీ ఏడవలేదు. కౌంటర్‌లో అమ్మాయికి ఇంటిపేరుతో సహా ఒక్కొక్క అక్షరం చెప్పి టైప్ చేయించింది. చదివించుకుని, "ఇదేనా?" అని నా వైపు తిరిగి ఆగింది. నేను తలూపాను. "ఎవరూ రాకపోతే కౌంటీనే పూడుస్తుంది, తెలుసా? పాతికేళ్ళు ఆ కాగితాలు నేనే కదా పంపాను" అని, "వాళ్ళమ్మకు నువ్వే చెప్పాలి. పేరు సంగతి కూడా" అంది.

వీడియో కాల్‌లో వాళ్ళమ్మ అరిచి ఏడ్చింది. చివరికి అడిగింది, "మా వాణ్ణి మీరు ఎతికిన్రా బిడ్డా?"

"వెతికామమ్మా, అన్ని హాస్పిటళ్ళకూ ఫోన్ చేశాం" అన్నాను. అంతే అన్నాను.

కారెక్కాక ఆంటీ అంది, "రిజిస్టర్లలో వాళ్ళు ఆకలికి అబద్ధం రాయించారు. నువ్వు కడుపునిండా తినొచ్చి ఆ తల్లికి చెప్పావు." ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పోయిన ఏడాది ఆవిడ పోయేదాకా నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది, నంబరు రాళ్ళ దగ్గరకు వెంట తీసుకెళ్ళింది, ఆ తల్లికి పేరు సంగతి చెప్పావా అని మాత్రం మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు మంగళవారాలు ఆ బల్ల నాది. పేరు రాసి, పైకి చదివి, పెన్ను కింద పెట్టి ఆగుతాను. అబద్ధం చెప్పేవాళ్ళ కళ్ళు నాకు తెలుసు. మహేశ్ కథ చెప్తాను. చాలామంది అసలు పేరు చెప్పేస్తారు. ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పానో.

మహేశ్ వాళ్ళమ్మ ఏటా జనవరిలో ఫోన్ చేస్తుంది. "మా వాని కోసం దేశం గాని దేశంల అంత తిరిగినవ్, సల్లగుండు బిడ్డా" అంటుంది. నేను "ఉంటానమ్మా" అంటాను. రవికుమార్ అన్న పేరు ఆమె ఇంతవరకూ వినలేదు.