బుఖారాలో నేను వదిలేసిన పట్టుముక్క

ఉజ్బెకిస్తాన్ ఎడారి మధ్యలో బుఖారా అనే ఊరుంది. ఒకప్పుడు పట్టు మోసుకెళ్లే ఒంటెల బిడారులు అక్కడ నీళ్లకు ఆగేవట. నిరుడు ఆఫీసు స్నేహితులతో కలిసి ఆ ఊరికి బయల్దేరుతుంటే నాయిన ఒక్కటే అడిగాడు.

"గాడ గూడ మనలెక్కనే పోగులకు ముడులు గట్టి రంగుల ముంచుతరంట బిడ్డా. ఒక్క ముక్క తే. చేతుల పట్టుకొని సూస్త."

నాయిన పోచంపల్లిలో చిటికి కట్టిన మనిషి. నేతకు ముందే పోగులకు ముడులేసి, రంగు ఎక్కడ అంటాలో ఎక్కడ అంటకూడదో తేల్చే పని అది. తర్వాత మగ్గం వదిలేసి, దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో పరుపు మీద కూర్చుని ఎవరో నేసిన చీరలు విప్పి చూపించాడు ఇరవై ఏళ్లు. నేను బయల్దేరేనాటికి ఎల్బీ నగర్‌లో మా ఇంట్లో మంచం పట్టి ఉన్నాడు. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అందుకే ఆ ముక్క తేవడం తప్ప నాకు వేరే ధ్యాస లేదు.

బస్సు కిటికీలో గంటల తరబడి ఇసుక, ముళ్లపొదలు. ఉన్నట్టుండి మల్బరీ చెట్లు, మట్టిగోడలు, వాటి నడుమ ఆకుపచ్చటి కొలను. అందరూ ఫొటోలకు పోతే నేను గుమ్మటాల కింది బజారులో దూరాను.

ఒక ముసలమ్మ పట్టుగుడ్డ పరిచింది. రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకి ఉన్నాయి. మూతి విరిచాను. ముడి వదులై రంగు పాకితే నాయిన ఆ పోగులు అవతల పడేసేవాడు. అలాంటివి ఇట్టే పట్టేస్తానని చిన్నప్పుడు నన్ను మెచ్చుకునేవాడు కూడా. ఆవిడ ఏదో చెప్పబోతున్నా ఆగకుండా పక్క కొట్టుకు పోయి, గీత గీసినట్టు అంచులున్న ముక్క కొన్నాను. నేతవాళ్ల బిడ్డని మోసం చేయడం మీ తరమా అని లోపల్లోపల తెగ మురిసిపోయాను.

ఇంటికొచ్చి చేతిలో పెట్టాను. నాయిన దాన్ని తిరగేశాడు. వెనకవైపు రంగు వెలవెలబోతోంది; ముందే రంగేసిన పోగులతో నేస్తే రెండు వైపులా ఒక్కలాగే ఉండాలి.

"ఇది అచ్చేసింది బిడ్డా," అన్నాడు మెల్లగా. "అసల్ది దొర్కలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "ఒకటి జూసిన నాయినా. రంగు పాకిందని ఇడిసిపెట్టిన."

"ఒక్కకాడనే పాకిందా, అంతటనా?"

"అంతట. ఒక్కతీరుగ."

నాయిన చేతిలోని ముక్కను పక్కన పెట్టేశాడు.

"అంతట ఒక్కతీరుగ పాకిందంటే తప్పు గాదు బిడ్డా. కావాలని పాకిచ్చిండ్రు. గది ఎంత పనితనం! నాకు రాదు."

ఆ ముఖంలో ఎన్నో నెలల తర్వాత సంతోషం చూశాను. నాకేమో ఏడుపు తన్నుకొచ్చింది.

"జర చెప్పు, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టిండ్రు?" అని, వినడానికి కళ్లు మూసుకున్నాడు.

ఎంత తలుచుకున్నా ఒక్క రంగూ గుర్తు రాలేదు. నేను ఆ గుడ్డలో తప్పు వెతికానే గానీ గుడ్డను చూడలేదు.

"చెప్పు బిడ్డా," అన్నాడు నాయిన మళ్లీ.