దర్జీ అప్పజెప్పిన పాఠం

దర్జీ కొట్టుకూ, ఆయన భార్య పిల్లలకు లాటిన్ చెప్పే గదికీ మధ్య చెక్కగోడ ఒక్కటే అడ్డం. ఇవతల మిషను ఆగినప్పుడల్లా అవతలి పాఠం ఆయన చెవిన పడేది. వినీ వినీ కొన్ని ముక్కలు నోటికొచ్చాయి. అర్థం మాత్రం అంతంతమాత్రం.

ఇప్పుడా గోడ అవతల చప్పుడు లేదు. ఆవిడకు పక్షవాతం వచ్చి తగ్గుముఖం పట్టింది. చెయ్యి కదులుతోంది, మనుషుల్ని గుర్తుపడుతోంది, మాటే రావడం లేదు. "రావచ్చు, రాకపోవచ్చు. మీరు మాత్రం మాట్లాడుతూ ఉండండి," అన్నాడు డాక్టరు. ఏం మాట్లాడతాడు? కూరల సంగతీ, వాన సంగతీ, కోటు బిగుతైందని పేచీ పెట్టిన లావుపాటి వకీలు సంగతీ అన్నీ అయిపోయాయి. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చునేది.

ఆ ఉదయం ఒక చొక్కాకు కాజాలు కుడుతూ ఆవిడ పక్కన చేరాడు.

"పోనీ, పాఠం అప్పజెప్తా, వింటావా టీచరమ్మా? మిసెరికోర్స్. అంటే దయగల మనిషి. మిసెర్ అంటే కష్టంలో ఉన్నవాడు, కోర్ అంటే గుండె. రెండూ కలిపి కుడితే, కష్టంలో ఉన్నవాళ్ళ కోసం గుండె కొట్టుకునే మనిషి."

ఆవిడ తల ఇటు తిప్పింది. ఆయనకు ఊపొచ్చింది. ఆవిడ తర్వాతి ముక్క చెప్పే వేళకు మిషను నడుస్తుండేదేమో, అది ఆయనకు గుర్తులేదు. సొంత తెలివి వాడాడు. చొక్కా గుండీలే మగవాళ్ళకు కుడివైపు, ఆడవాళ్ళకు ఎడమవైపు కదా, మాటకు మాత్రం తేడా ఉండదూ?

"మగవాడైతే మిసెరికోర్స్, ఆడదైతే మిసెరికోరా..."

ఆవిడ ఉంగరం కుర్చీ చేతి మీద టక్కుమంది. పిల్లలు తప్పు చెప్పినప్పుడు బల్ల మీద కొట్టే దెబ్బ అది.

"త... తప్పు."

సూది ఆయన చేతిలోనే ఆగిపోయింది.

"ఆడ, మగ, ఏదైనా... ఒకటే. మిసెరి... కోర్స్. మళ్ళీ చెప్పు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని 'చెప్పండి' అనకుండా 'చెప్పు' అనడం అదే మొదలు. ఆయనకు గుండెల మీంచి బండ దించినట్టయింది.

"అందరికీ ఒకే కొలతా? నా కొట్టులో అలా కుడితే తంతారే!" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ నవ్వలేదు. పాఠం మధ్యలో నవ్వే అలవాటు లేదు.

"షష్ఠీ విభక్తిలో?" అంది.

మిసెరికోర్దిస్. అది ఆయనకు బాగా వచ్చు. కానీ ఆ 'తప్పు' ఇంకోసారి వినాలనిపించింది.

"మిసెరికోరిస్," అన్నాడు.

ఉంగరం టక్కుమంది.