నార్మల్ అని రాసిన ట్యూబులో నా రక్తం

ఆ రోజు తేడా నాలో ఉందని నాకు తోచలేదు. మౌనిక పనిలో ఉందనుకున్నాను. తర్వాత యాంటీబాడీలో ఉందనుకున్నాను, ఆపైన మిషన్‌లో.

నేను రక్తపు మూలకణాల మీద, లుకేమియా మీద పరిశోధన చేస్తాను. పెళ్ళయి నేరేడ్‌మెట్ వచ్చిన నాటినుంచీ నా పని ఇదొక్కటే. మా ల్యాబులో ఒక పద్ధతి ఉంది. ఆసుపత్రి నుంచి రోగి శాంపిల్ వచ్చినప్పుడు దాని పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కావాలి. దాన్ని నార్మల్ కంట్రోల్ అంటాం. ఎథిక్స్ కమిటీ అనుమతితో మేమే వంతులు వేసుకుని తలా ఒక ట్యూబు ఇస్తాం. ఆ వారం వంతు నాది. మౌనిక నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఆమే నా రక్తం తీసి, ట్యూబు మీద ‘నార్మల్’ అని రాసుకుని వెళ్ళింది.

మధ్యాహ్నం ఫ్లో సైటోమీటర్ దగ్గరికి రమ్మని పిలిచింది. ఆ మిషన్ కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి కంప్యూటర్ తెర మీద చుక్కలుగా చూపిస్తుంది. మామూలు రక్తంలో ఖాళీగా ఉండాల్సిన చోటు ఒకటి ఉంటుంది. నా ట్యూబులో ఆ చోటంతా చుక్కలే. లేబుళ్ళు తారుమారు చేశావని కసిరాను. మర్నాడు మళ్ళీ రక్తం ఇచ్చాను, మళ్ళీ అదే వచ్చింది. కణాలకు రంగు గుర్తు పెట్టే యాంటీబాడీ పాడైందని కొత్తది తెరిపించాను. అయినా మారలేదు. మిషన్ సెట్టింగులు సరిచూడమన్నాను.

ఇంత పద్ధతిగా కళ్ళు మూసుకోవడం మా సైంటిస్టులకే చేతనవుతుంది. అప్పటికే పళ్ళు తోముకుంటే చిగుళ్ళనుంచి రక్తం వస్తోంది. ఎక్కడ తగిలిందో గుర్తులేని నల్లమచ్చలు చేతుల మీద ఉన్నాయి. ఒక అంతస్తు ఎక్కితే ఆయాసం. నెలసరి ఆగే వయసు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇవే లక్షణాలను బోర్డు మీద రాసి విద్యార్థులకు పాఠం చెప్పినదాన్ని నేను.

చివరికి మౌనిక నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా కూర్చుంది.

“మేడం, మిషిన్ మంచిగనే ఉంది. నా బ్లడ్ పెట్టి చూసిన, సాఫ్‌గ వచ్చింది. మీరు జెర సీబీసీ చేపించుకోండి.”

ఆ చుక్కలు లుకేమియా కణాలని నాకు మొదటి రోజే తెలుసు. అవి నావని ఒప్పుకోవడానికే వారం పట్టింది.

మా ఆయనా నేనూ వెళ్ళిన ఆసుపత్రిలో రక్తజబ్బులు చూసే హెమటాలజీ డాక్టరుగారు మాకు శాంపిల్స్ పంపే మనిషే. మీటింగుల్లో ఎన్నోసార్లు కలిసి టీ తాగాం. సీబీసీలో రక్తకణాల లెక్క చూసి ఆయన బోన్ మారో పరీక్ష రాశారు. నడుము వెనక ఎముకలోంచి సూదితో మజ్జ లాగుతారు. అలాంటి మజ్జ ట్యూబులు వందలకొద్దీ నా చేతుల మీదుగా వెళ్ళాయి. అది లాగేటప్పుడు ఒంట్లోంచి ప్రాణం పట్టి లాగినట్టు ఉంటుందని ఏ ట్యూబు మీదా రాసి ఉండదు.

రిపోర్టు వచ్చిన రోజు ఆయన “ఏఎమ్ఎల్” అన్నారు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా. నేను వెంటనే మ్యూటేషన్లు ఏమున్నాయి, క్రోమోజోములు ఎలా ఉన్నాయి అని మొదలుపెట్టాను. ఆయన కలం కింద పెట్టారు.

“మేడం, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ముందుగా నన్ను ఒకటే అడుగుతారు. మీరింకా అది అడగలేదు.”

పక్కన కూర్చున్న మా ఆయన అడిగారు. ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు, వంకర ప్రశ్నలు రావు. “బతుకుతదా సార్?”

కీమోతో జబ్బు అణుగుతుందని, అంతటితో వదిలేస్తే తిరిగొచ్చే అవకాశమే ఎక్కువని, ఇంకొకరి మూలకణాలతో ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే నిలబడే అవకాశం ఉందని, అయినా మాట ఇవ్వలేనని డాక్టరుగారు చెప్పారు. మా ఆయన తలూపి, అయితే ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు.

మొదటి కీమోలో ఇచ్చే సైటరబిన్‌ను నేను ల్యాబులో పిపెట్‌తో ప్లేట్లలో వేసేదాన్ని. ఏ మోతాదుకు ఎన్ని కణాలు చస్తాయో లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు ఆ మందే నా చేతి నరంలో పెట్టిన పిక్ లైన్‌లోకి చుక్కచుక్కగా దిగింది. దానితోపాటు ఇచ్చే ఎర్రమందు ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తుందని తెలుసు. తెలిసి కూడా బాత్రూంలో చూసి గోడ పట్టుకున్నాను. జుట్టు పోవడానికి బాధపడలేదు. నోరంతా పుండ్లు పడి మంచినీళ్ళు కూడా మింగలేకపోయినప్పుడు మాత్రం చిన్నపిల్లలా ఏడ్చాను. రక్తకణాల కౌంట్లు పడిపోయినప్పుడు ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరింది. ఆక్సిజన్ పెట్టారు. ఆ రోజుల్లో ఏం జరిగిందో సగం మా ఆయన చెబితే తెలిసిందే.

కోలుకున్నాక మళ్ళీ మజ్జ తీశారు. జబ్బు కనబడటం లేదు, రెమిషన్ అన్నారు. మా అత్తమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మా ఇంట్లో జబ్బు నయమైతే కృతజ్ఞతా కూడిక పెట్టడం ఆనవాయితీ. పాస్టరుగారు వస్తారు, పాటలు, ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. నయమైన మనిషి లేచి నిలబడి అందరిముందు సాక్ష్యం చెప్పాలి. ఆవిడ అప్పుడే చుట్టాలకు ఫోన్లు చేయడం షురూ చేసింది.

నేను ఒప్పుకోలేదు. రెమిషన్ అంటే నయమవడం కాదని చెప్పాను. కీమోకు చావకుండా మజ్జలో నిద్రపోయే లుకేమియా మూలకణాలు కొన్ని ఉంటాయి, ఎప్పుడో లేచి జబ్బును మళ్ళీ తెస్తాయి, నా ఉద్యోగమంతా వాటి మీదే గడిచింది, నయమైందని నిలబడి అబద్ధం చెప్పలేను అని గట్టిగా అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. కాసేపటికి వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుంది.

“అవి నిద్రపోతుంటే నువ్వు మేలుకొని కావలి కాస్తున్నవ్. మరి నువ్వెప్పుడు పండుకుంటవ్ బిడ్డా?”

నిజంగానే నాకు నిద్ర లేదు. మందుల వల్ల కాదు, తెలిసినదాని వల్ల.

ట్రాన్స్‌ప్లాంట్‌కు నా తమ్ముడు సుధీర్ కణాల గుర్తులు (హెచ్ఎల్ఏ) నావాటితో పూర్తిగా కలిశాయి. బేగంపేటలో ఉద్యోగం. సూది చూస్తే మొహం తిప్పుకునే మనిషి. ఎన్నో పేపర్లలో ‘డోనర్’ అనే మాట రాశాను. ఆ మాట వెనక ఉన్న మనిషిని నోరు తెరిచి అడగాల్సి వచ్చేసరికి నాకు పాఠం చెప్పడమే చేతనైంది. ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు తయారుచేసుకున్నాను. మూలకణాలు రక్తంలోకి రావడానికి ఇంజెక్షన్లు ఇస్తారని, ఎముకలు లాగుతాయని, గంటల తరబడి మిషన్‌కు కట్టేసినట్టు పడుకోవాలని చెప్పుకుంటూ పోతున్నాను. వాడు ల్యాప్‌టాప్ మూసేశాడు.

“అక్కా, ఎప్పుడు రావాల్నో చెప్పు. లీవ్ పెట్టుకోవాలె.”

కణాలు ఇచ్చిన రోజు కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడట, నర్సు చెప్పి నవ్వింది. అంతకుముందే నాకు పెద్ద కీమో ఇచ్చి నా మజ్జను ఖాళీ చేశారు. వాడి కణాలు పలచటి టమాటా గుజ్జు రంగులో చిన్న సంచీలో వచ్చాయి. ఎక్కించడానికి సీరియల్ ఒక ఎపిసోడ్ చూసినంతసేపు కూడా పట్టలేదు. అవి రక్తంలో తిరిగి తిరిగి తమ చోటు తామే వెతుక్కుని మజ్జలో చేరతాయి. దీన్ని హోమింగ్ అంటారు. ఎన్నో క్లాసుల్లో చెప్పాను. ఆ రోజు మాత్రం సంచీ వంక చూసి, దారి తప్పకుండా పొండి నాయనా అని బతిమాలాను.

కౌంట్లు లేచాయి, కానీ అంతటితో అయిపోలేదు. తమ్ముడి కణాలు నా ఒంటిని పరాయిదనుకుని తిరగబడ్డాయి. ఈ తిరుగుబాటు పేరు జీవీహెచ్‌డీ. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, ఆగని విరేచనాలు, స్టెరాయిడ్లతో ఉబ్బిన మొహం. ఒక రోజు మా ఆయనతో, ఇక నావల్ల కాదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాను. ఆయన వాదించలేదు. రేపు అడుగుదామన్నారు. మర్నాడూ అదే మాట అన్నారు. అలా రేపు రేపు అంటూనే నన్ను గట్టెక్కించారు.

పరీక్షలో నా రక్తమంతా తమ్ముడి కణాలదేనని తేలింది. బి పాజిటివ్‌గా పుట్టి ఓ పాజిటివ్ అయ్యాను. ఇప్పుడు నా కోపం కూడా వాడిదేనని మా ఆయన ఎగతాళి చేస్తారు.

ట్రాన్స్‌ప్లాంట్ అయిన ఏడాదికి అత్తమ్మ మళ్ళీ కూడిక మాట ఎత్తింది. ఈసారి కాదనలేదు. హాలు నిండా మనుషులు. నేను లేచి నిలబడి, మొన్నటి పరీక్షలో జబ్బు కనిపించలేదని, రేపటి సంగతి నాకు తెలియదని, ఈ రోజు ఉన్నందుకు స్తోత్రమని చెప్పి కూర్చున్నాను. ఇంత పొట్టి సాక్ష్యం మా ఇంట్లో ఎవరూ విని ఉండరు. అత్తమ్మ మాత్రం నా చేయి పట్టుకుని, గిట్ల చెప్తే చాలు బిడ్డా అంది. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు మళ్ళీ ల్యాబుకు వెళ్తున్నాను. పని అదే, ఆ నిద్రపోయే కణాల మీదే. కొత్త శాంపిల్ వచ్చినప్పుడు ఆ మనిషి ఇంట్లోవాళ్ళు ఏ బెంచీ మీద కూర్చుని ఉంటారోనని ఒక్క క్షణం ఆగుతాను. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, కళ్ళు పొడిబారుతాయి, ఎండలోకి వెళ్ళను. వాటితో బతకవచ్చు.

నా అనుభవంతో ఒక్క సలహా చెబుతాను. రిపోర్టు ఫోన్‌కు రాగానే ఒంటరిగా తెరవకండి. మీకు ఎంత తెలిసినా సరే. అసలు ఎంత ఎక్కువ తెలిస్తే అంత తెరవకండి. మీకోసం చదివే మనిషిని ఒకరిని ముందే కుదుర్చుకోండి. నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఫోన్ మా ఆయనకు ఇచ్చేసి డాక్టరుగారి గది బయట కూర్చుంటాను; అంతా బాగుంటే ఆయన రిపోర్టు మాటే ఎత్తరు. మొన్న లోపల చాలాసేపే పట్టింది. ఎదురుగా గడియారం ఉన్నా దానివంక చూడలేదు. తలుపు తెరుచుకుని ఆయన బయటికొచ్చారు, ఫోన్ జేబులో వేసుకున్నారు.

“నడువ్,” అన్నారు, “ఆకలైతుంది.”